కట్టెల పొయ్యి పెట్టుకునే టెంటు ఇంట్లోనే కుట్టుకోవడం: కొలతల నుంచి తొలి మంట దాకా

పొయ్యి ఇంటికి రాకముందు గుడ్డకు కత్తెర పెట్టకండి. టెంటు కుట్టేటప్పుడు జరిగే తప్పుల్లో చాలావాటిని విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. పొగగొట్టం లావు, పొయ్యి ఎత్తు తెలియకుండా వేసిన లెక్కను మాత్రం ఏం చేసినా సరిచేయలేం. చాలామంది ముందు టెంటు కుట్టేసి, తర్వాత దానికి సరిపోయే పొయ్యి కోసం వెతుకుతారు. అలా చేస్తే గొట్టం గుడ్డకు మరీ దగ్గరగా వెళుతుంది, లేదంటే పొయ్యి తలుపుకు అడ్డంగా వస్తుంది.

ఇక్కడి కొలతలు అమెరికాలో మిన్నెసోటా ఉత్తరాన బౌండరీ వాటర్స్, కెనడాలో ఒంటారియోలోని అల్గాన్క్విన్ లాంటి అడవుల్లో, రాత్రి మైనస్ 20, 25 డిగ్రీలకు దిగే చలిని దృష్టిలో పెట్టుకుని వేసినవి. లంబసింగి చలికి మంచి స్లీపింగ్ బ్యాగు చాలు, పొయ్యి అక్కర్లేదు. పైగా మన రిజర్వు అడవుల్లో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం నేరం.

ఆకారం, కొలతలు

మధ్యలో ఒకే గుంజ, చుట్టూ ఎనిమిది గుడ్డ పలకలు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1856లో అమెరికా సైన్యాధికారి హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ పేటెంటు తీసుకున్న శంకువు టెంటు, అక్కడి మైదానాల ఆదివాసుల గుడారం టీపీని చూసి చేసిందే. ఇంట్లో కుట్టేవాళ్లకు ఇందులో సౌకర్యం ఏమిటంటే, ఒక పలక కొలత సరిగ్గా వస్తే మిగతా ఏడూ దాని నకళ్లే.

కుట్టాక రావలసిన కొలతలు: ఒక్కో పలక అడుగు వెడల్పు 130 సెం.మీ., టెంటు శిఖరం ఎత్తు 210 సెం.మీ. అప్పుడు ఎదురెదురు గోడల మధ్య దూరం 314 సెం.మీ. వస్తుంది. పలక నడిమి గీత మీద ఏటవాలు పొడవు 262, మూల నుంచి శిఖరం దాకా 270 సెం.మీ. నేల వైశాల్యం 8 చదరపు మీటర్ల పైచిలుకు. పొయ్యి, కట్టెలు పోను ఇద్దరు హాయిగా, ముగ్గురు సర్దుకుని పడుకోవచ్చు.

శిఖరాన ఎనిమిది పలకల కొసలు ఒకే చోట కలిస్తే గుడ్డ పొరలు గుట్టపడి సూది దిగదు. అందుకే ప్రతి పలకనూ శిఖరానికి 8 సెం.మీ. కింద, వెడల్పు 4 సెం.మీ. ఉన్నచోట ఆపేసి, ఆ ఖాళీ మీద విడిగా టోపీ కుడతాం.

గుడ్డ, దారం, మిగతా సామాను

తేలిగ్గా ఉండాలంటే సిల్నైలాన్, అంటే రెండు వైపులా సిలికాన్ పూత పట్టించిన నైలాన్. చదరపు మీటరుకు 55 గ్రాముల రకం తీసుకుంటే టెంటు మొత్తం కిలోన్నరకు అటూ ఇటూ తూగుతుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది, కాబట్టి రాత్రి లేచి తాళ్లు బిగించాల్సి వస్తుంది. అది నచ్చకపోతే సిలికాన్ పూత ఉన్న పాలిస్టర్ తీసుకోండి. నూలు కాన్వాసు అయితే చదరపు మీటరుకు 340 గ్రాముల రకానికి గుడ్డే 6 కిలోలు దాటుతుంది. దానికో గొప్ప సుగుణం ఉంది: నిప్పురవ్వ పడితే మాడుతుందే గానీ కరగదు. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య, పాలిస్టర్ 250, 260 దగ్గర కరిగిపోతాయి. స్లెడ్జి మీద సామాను లాక్కెళ్లేవాళ్లు కాన్వాసు, వీపున మోసేవాళ్లు సిల్నైలాన్ ఎంచుకోవడం మంచిది. కింది లెక్కలన్నీ సిల్నైలాన్‌వి. మామూలు సిల్నైలాన్‌కు మంటను తట్టుకునే గుణం ఉండదని గుర్తుంచుకోండి. అది కావాలంటే సీపీఏఐ-84 ప్రమాణానికి సరిపోతుందని రాసి ఉన్న గుడ్డ అడగాలి.

కొనవలసినవి: 150 సెం.మీ. పన్నా గుడ్డ 14 మీటర్లు (కొని తెచ్చాక పన్నా కొలవండి, 146 కంటే తగ్గకూడదు). పటీలకు (బలం కోసం వేసే ముక్కలకు), టోపీకి 500 డెనియర్ల కార్డురా, అంటే దళసరి నైలాన్ గుడ్డ, ఒక మీటరు. స్టవ్ జాక్‌కు, అంటే పొగగొట్టం గుడ్డను దాటేచోట కుట్టే వేడిని తట్టుకునే ముక్కకు, సిలికాన్ పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ గుడ్డ 60×50 సెం.మీ. ముక్క. 10 నంబరు కాయిల్ జిప్పు 170 సెం.మీ., రెండు రన్నర్లతో, రెండు వైపుల నుంచీ తెరుచుకునేది. 20 మి.మీ. వెబ్బింగ్ పట్టీ 8 మీటర్లు. దోమతెర గుడ్డ కొద్దిగా. బాండెడ్ పాలిస్టర్ దారం. జాక్ కుట్టడానికి మాత్రం కెవ్లార్ లాంటి అరామిడ్ దారం చిన్న రీలు విడిగా తీసుకోండి, వేడికి పాలిస్టర్ దారం తెగుతుంది.

ఇంట్లో వాడే కుట్టు మిషన్ సరిపోతుంది. పలకలకు 80 నంబరు సూది, వెబ్బింగ్‌కూ జాక్‌కూ 100 నంబరు. కుట్టు పొడవు 3 మి.మీ. మరీ చిన్న కుట్లు వేస్తే సూది పోట్ల వరస వెంటే గుడ్డ చిరుగుతుంది. సిలికాన్ గుడ్డ జారుడు, పై పొర ముందుకు, కింది పొర వెనక్కి పోతుంటాయి. వాకింగ్ ఫుట్ (పై పొరను కూడా కింది పొరతో పాటు కదిలించే మిషన్ పాదం) ఉంటే బిగించుకోండి. లేకపోతే ముక్కను ముందూ వెనకా రెండు చేతులతో సమానంగా పట్టి పంపాలి. గుండుసూదులు వద్దు, ఆ పోట్లు పూడవు. క్లిప్పులు పెట్టండి.

కత్తిరింపు

పన్నా మొత్తం వెడల్పుతో 260 సెం.మీ. పొడవు ముక్కలు నాలుగు కోయండి. ఒక్కో ముక్కలోంచి రెండు పలకలు తీస్తాం.

ముక్కను నేల మీద పరిచి మధ్య గీత వేయండి. ఒక చివర మధ్య గీతకు అటూ ఇటూ సమానంగా మొత్తం 135 సెం.మీ., రెండో చివర మొత్తం 6.5 సెం.మీ. వెడల్పు గుర్తు పెట్టి, ఆ గుర్తులను కలిపి కోస్తే ఒక నిండు పలక వస్తుంది. ఇందులో పక్క మార్జిన్లు ఒక్కో వైపు 1.5, కింద మడతకు 4, పైన 1.5 సెం.మీ. కలిసే ఉన్నాయి. పక్కల మిగిలిన రెండు కోసు ముక్కలను తలకిందులు చేసి, పన్నా అంచులు రెండూ కలిసేలా పక్కపక్కన పెడితే రెండో పలక అవుతుంది. ఒక్కో సగం అడుగు వెడల్పు 69, పై వెడల్పు 4.8 సెం.మీ. ఉండేలా సరిచేసుకోండి. తిప్పేటప్పుడు గుడ్డను బోర్లించకుండా నేల మీదే తిప్పితే మంచివైపు అన్నిటికీ పైకే ఉంటుంది.

ఈ పద్ధతిలో గుడ్డ వృథా కాకపోవడం ఒక లాభం. అసలు లాభం వేరే ఉంది. నిండు పలకలో నేత నిలువు పోగు నడుమ గుండా వెళుతుంది, అతుకు పలకలోనూ నడిమి కుట్టు వెంటే వెళుతుంది. కాబట్టి అన్ని పలకల పక్క అంచులూ పోగుకు ఒకే ఏటవాలులో ఉంటాయి, కుట్టేటప్పుడు ఒకే తీరున సాగుతాయి. ఒక అంచు నిలువు పోగు మీద, పక్కది ఐమూలగా ఉంటే ఎంత జాగ్రత్తగా కుట్టినా ఒకటి ముడతలు పడుతుంది.

పక్క అంచులను తిన్నగా వదిలేస్తే టెంటు బిగించాక పలకల మధ్య గుడ్డ వదులై గాలికి టపటపలాడుతుంది. అందుకే ప్రతి పక్క అంచునూ పొడవు మధ్యలో 1.5 సెం.మీ. లోపలికి వంగేలా, చివరలకు వచ్చేసరికి సున్నా అయ్యేలా విల్లు వంపు తీయాలి. అట్టతో ఒక నమూనా చేసుకుని పదహారు అంచులకూ దాన్నే వాడండి. అంచు మీద ప్రతి 50 సెం.మీ.కు చాక్‌పీసుతో చిన్న గుర్తు పెట్టండి. కుట్టేటప్పుడు ఈ గుర్తులు ఎదురెదురుగా కలుస్తుంటే గుడ్డ సాగడం లేదన్నమాట.

నిండు పలకలకు 1, 3, 5, 7 అనీ, అతుకు పలకలకు 2, 4, 6, 8 అనీ నంబర్లు రాసి పెట్టుకోండి. మిగిలిన గుడ్డలోంచి 29 సెం.మీ. వెడల్పు, 230 సెం.మీ. పొడవు పట్టీలు ఐదు కోస్తే అవి మంచు పట్టీకి, అంటే టెంటు అంచు కింద నేల మీద పరుచుకునే గుడ్డకు, సరిపోతాయి.

స్టవ్ జాక్: 3వ పలక

పలకలను కలపకముందే, 3వ పలక బల్ల మీద చదునుగా ఉండగానే ఈ పని చేయండి. తలుపు 8, 1 పలకల మధ్య వస్తుంది కాబట్టి పొయ్యి తలుపుకు ఒక పక్కగా ఉంటుంది. ఎదురు పక్క, అంటే 5 నుంచి 7 దాకా, పడక. పడుకున్నవాళ్లకూ తలుపుకూ మధ్య పొయ్యి రాకూడదు.

40×20×20 సెం.మీ. పెట్టె పొయ్యి, 65 మి.మీ. గొట్టం అనుకుందాం. గొట్టం గుంజకు 62 సెం.మీ. దూరంలో నిలువుగా లేస్తే, 127 సెం.మీ. ఎత్తున గుడ్డను తాకుతుంది. కుట్టాక అంచు నుంచి నడిమి గీత మీద కొలిస్తే ఆ చోటు 158 సెం.మీ. పైన. అప్పుడు గోడకు సమాంతరంగా పెట్టిన పొయ్యికి, దాని ఎత్తున గోడకు మధ్య సుమారు 55 సెం.మీ. ఖాళీ ఉంటుంది.

ఫైబర్‌గ్లాస్ ముక్కను 55 సెం.మీ. పొడవు, అడుగున 42, పైన 31 సెం.మీ. వెడల్పుతో కోయండి. ఇంత పొడవు ఎందుకంటే, గొట్టం నిలువుగా ఉంది, గుడ్డ ఏటవాలుగా ఉంది. గుడ్డ మీద పైకి 10 సెం.మీ. జరిగితే గొట్టం నుంచి నిజంగా దూరమయ్యేది 6 సెం.మీ. మాత్రమే. రంధ్రం చుట్టూ అన్ని వైపులా సమానంగా 12 సెం.మీ. వదిలి చదరం ముక్క కుట్టినవాళ్ల టెంట్లలో ముందు కరిగేది రంధ్రం పైవైపు నైలానే.

జాక్ పై అంచు పడేచోట నైలాన్‌ను అడ్డంగా చీల్చి, జాక్ పై అంచును ఆ చీలిక గుండా నైలాన్ కిందికి దూర్చండి. పక్క అంచులు, కింది అంచు నైలాన్ పైనే ఉండాలి. ఇంటి పెంకుల మాదిరిగా పైది కిందిదాన్ని కప్పుతూ ఉంటే నీరు లోపలికి దిగదు. అరామిడ్ దారంతో అంచు నుంచి 5 మి.మీ. దగ్గర ఒకటి, 15 మి.మీ. దగ్గర ఒకటి, రెండు వరసలు కుట్టండి. తర్వాత పలకను తిప్పి, జాక్ వెనక ఉన్న నైలాన్‌ను, జాక్ అంచు నుంచి 2 సెం.మీ. లోపలికి వదిలి, కోసి తీసేయండి. పొయ్యి వాడనప్పుడు కప్పడానికి కార్డురా మూత ఒకటి పైన కుట్టి, కింద వెల్క్రో పెట్టండి.

రంధ్రం ఇప్పుడు కోయకండి.

గాలి దారులు

1, 5 పలకల్లో, శిఖరం నుంచి 27, 45 సెం.మీ. మధ్య, అడుగు 14 సెం.మీ. ఉండే త్రికోణం కోసి దోమతెర కుట్టండి. పైన కార్డురా గొడుగు, దాని అంచులో వంగే తీగ ఉంటే నోరు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. వీటికి మూసే ఏర్పాటు పెట్టకండి. చలి ఎక్కువైనప్పుడు మనిషి మొదట చేసేది వాటిని మూయడమే, ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే.

పలకలు కలపడం

ముందు అతుకు పలకల నడిమి కుట్లు, తర్వాత పలకకు పలక. అన్నిటికీ ఒకే కుట్టు: జీన్స్ ప్యాంటు కాలి లోపలివైపు ఉండే రెండు వరసల మడత కుట్టు. మంచివైపులు లోపలికి వచ్చేలా రెండు ముక్కలు పెట్టి, పైముక్క అంచును కిందిదాని కంటే 1 సెం.మీ. లోపలికి జరపండి. పైముక్క అంచు నుంచి 1 సెం.మీ. దగ్గర కుట్టండి. అది కిందిదాని అంచుకు 2 సెం.మీ. అవుతుంది. ఆ మిగులును చిన్న అంచు మీదుగా మడిచి, మొత్తాన్ని ఒక పక్కకు వాల్చి, మడత అంచు పక్కనే రెండో వరస వేయండి. మొదటి కుట్టు నుంచి చివరిదాకా మడతలన్నీ ఒకే దిక్కుకు వాలాలి.

ప్రతి మూల కుట్టు పూర్తయ్యాక పొడవు కొలవండి. అంచు మడత, పై మార్జిన్ కాకుండా 262 సెం.మీ. రావాలి. మిగతావాటితో పోలిస్తే ఒక సెంటీమీటరుకు మించి తేడా ఉంటే అప్పుడే విప్పండి. ఎనిమిది కుట్లలో ఒక్కటి పొట్టిగా ఉన్నా గుంజ వంకర తిరుగుతుంది, ఆ వంకర గొట్టం దగ్గర తేలుతుంది. కుట్టు వెంట గుడ్డ కుచ్చులు పడుతుంటే దారం టెన్షన్ తగ్గించి చూడండి. అయినా పోకపోతే సూది మొద్దుబారింది, మార్చండి.

8, 1 పలకల మధ్య కుట్టును చివరికి ఉంచండి. పైన 92 సెం.మీ. మామూలు మడత కుట్టే, కింద 170 సెం.మీ. జిప్పు. జిప్పు మీద 5 సెం.మీ. వెడల్పు కప్పు పట్టీ, జిప్పు ఆగే పైచోట రెండు పొరల కార్డురా పటీ తప్పనిసరి. తలుపును లాగినప్పుడల్లా బరువంతా అక్కడే పడుతుంది.

టోపీకి కార్డురాపై 20 సెం.మీ. వ్యాసార్ధంతో గుండ్రం గీసి, అందులో 223 డిగ్రీల ముక్క ఉంచుకుని, రెండు వైపులా 1.5 సెం.మీ. మార్జిన్ కలిపి కోయండి. అంచులు కలిపి కుడితే పలకల వాలుకు సరిపోయే శంకువు వస్తుంది. దాన్ని పలకల పైకొసల మీద కూర్చోబెట్టి రెండు వరసలు కుట్టండి. లోపల, ఖాళీ అడ్డంగా రెండు వెబ్బింగ్ పట్టీలు ప్లస్ గుర్తులా కుడితే గుంజ కొన అక్కడ ఆనుతుంది. ఆ చోటు ఎత్తు 203 సెం.మీ. కాబట్టి 190 నుంచి 215 దాకా సర్దుకునే గుంజ కావాలి.

అంచును 2 సెం.మీ. చొప్పున రెండు మడతలు వేసి, ఆ మడతలోనే మంచు పట్టీని ఇరికించి కుట్టండి. ఎనిమిది మూలల్లో 15 సెం.మీ. కార్డురా పటీ వేసి, వెబ్బింగ్ ఉచ్చులు పెట్టండి. ప్రతి పలక అంచు మధ్యలో మరో ఉచ్చు. ఒకటి విడిచి ఒకటిగా నాలుగు మూల కుట్ల మీద, కింది నుంచి 110 సెం.మీ. ఎత్తున గాలి తాళ్లకు ఉచ్చులు కుడితే సరి.

కుట్లన్నిటికీ బయటివైపు సిలికాన్ రాయాలి. పారదర్శక సిలికాన్ సీలెంటును మూడు రెట్లు మినరల్ స్పిరిట్‌లో (రంగులు పలచన చేసే ద్రవంలో) కలిపి, కుంచెతో పలచగా పూసి, ఒక రోజు ఆరనివ్వండి. సిలికాన్ గుడ్డకు సిలికాన్ తప్ప వేరే పూత అంటదు.

నిలబెట్టడం, రంధ్రం కోయడం

మధ్యలో ఒక మేకు కొట్టి, తాడుతో 170 సెం.మీ. దూరాన చుట్టూ ఎనిమిది మేకులు పాతండి. పక్కపక్క మేకుల మధ్య 130 ఉండాలి. మూలలు తగిలించి, గుంజ లోపల పెట్టి పైకి లేపండి. ముందు ఎదురెదురు మూలలు, తర్వాత మిగతావి బిగించాలి.

టెంటు గట్టిగా నిలిచాక పొయ్యిని కాళ్లతో సహా దాని చోట పెట్టండి. జాక్ లోపలివైపు నుంచి దారానికి కట్టిన గుండును వదిలి, అది పొయ్యి గొట్టం నోటి నడిమికి దిగేదాకా పైకొసను జరపండి. ఆ పైచోటే రంధ్రానికి నడిమి. లెక్క ప్రకారం వచ్చిన చోటుకు రెండు మూడు సెంటీమీటర్లు తేడా రావచ్చు, గుండు చెప్పిందే నమ్మండి. గొట్టం నిలువుగా ఏటవాలు గుడ్డను దాటుతుంది కాబట్టి రంధ్రం గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. 65 మి.మీ. గొట్టానికి వెడల్పు 70, వాలు వెంట పొడవు 117 మి.మీ. గుండ్రంగా కోసిన రంధ్రంలో గొట్టాన్ని బలవంతంగా దూరిస్తే జాక్ పైకి గుంజుకుపోయి టెంటు మొత్తం ఆ పక్కకు లాగుతుంది.

గొట్టం పొడవు 240 సెం.మీ. ఉంటే, కాళ్లతో కలిపి 38 సెం.మీ. ఎత్తు పొయ్యి మీద నిలిపినప్పుడు శిఖరాన్ని 68 సెం.మీ. దాటుతుంది. అరమీటరు కంటే తక్కువైతే రవ్వలు గుడ్డ మీదే రాలతాయి. గొట్టం పైకొసకు జల్లెడ మూత, మెడకు మూడు సన్నని ఉక్కు తీగలు కట్టండి. నైలాన్ తాడు ఇక్కడ పనికిరాదు.

తొలి మంట

కొత్త పొయ్యినీ గొట్టాన్నీ ఒకసారి బయట గంటసేపు మండించండి. నూనె, రంగు కాలిన పొగ టెంటులో పీల్చేది కాదు. చుట్టి తీసుకెళ్లే టైటానియం రేకు గొట్టం కూడా ఆ వేడికే ఆకారంలో కుదురుకుంటుంది.

మంచు మీద పొయ్యిని నేరుగా పెట్టకండి. కింద మంచు కరిగి ఒక కాలు దిగితే గొట్టం వాలుతుంది, జాక్ చిరుగుతుంది. రెండు లావుపాటి పచ్చి దుంగలు పక్కపక్కన పడేసి వాటి మీద నిలపండి. పొయ్యికి ఒక చేతి దూరంలో బట్టలు, స్లీపింగ్ బ్యాగు ఉండకూడదు.

కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. బ్యాటరీతో నడిచే అలారం పడుకునే తల ఎత్తులో పెట్టడం ఈ టెంటుకు తప్పనిసరి. పొయ్యి వైపు మంచు పట్టీని మంచుతో కప్పకుండా ఒక జానెడు మేర పైకెత్తి ఉంచండి, మంటకు గాలి అక్కడి నుంచి రావాలి. పొయ్యిలో బొగ్గులు వేయకండి. సగం ఆరిన కట్టెలు వేసి గాలి తలుపు మూసి నిప్పును మగ్గబెడితే గొట్టంలో జిగట మసి పేరుకుంటుంది, జల్లెడ మూసుకుపోతుంది, పొగ లోపలికి తిరుగుతుంది. రోజూ పొద్దున గొట్టం చల్లారాక తట్టి మసి దులపండి. బౌండరీ వాటర్స్‌లో ఏరుకోవలసింది నేల మీద పడి ఎండిన కట్టెలనే, నిలబడి ఉన్న చెట్టును ముట్టుకోకూడదు. మణికట్టు లావు కట్టెలు గంటకోసారి వేస్తూ ఉండాలి, ఇంత చిన్న పొయ్యి తెల్లవార్లూ దానంతట అది మండదు. నిద్రపోయే ముందు మంటను పూర్తిగా ఆరనిచ్చి, మంచి స్లీపింగ్ బ్యాగులో పడుకుని, తెల్లవారుజామున మళ్లీ రాజేసుకోవడం క్షేమం. చేతికి అందేచోట పదునైన చాకు, నిండు నీళ్ల సీసా ఉంచుకోండి. జిప్పు గడ్డకట్టి తెరుచుకోకపోతే పలక కోసి బయటపడాలి, గుడ్డ గురించి ఆలోచించకండి.

రవ్వలు పడి చిల్లులు కనిపిస్తే, గోరంత వాటికి సిలికాన్ చుక్క చాలు. అంతకు పెద్దవాటికి రెండు వైపులా గుండ్రం ముక్కలు సిలికాన్‌తో అంటించండి. ఇల్లు చేరాక టెంటును రెండు రోజులు పూర్తిగా ఆరబెట్టి, జాక్‌ను మడత పెట్టకుండా వదులుగా చుట్టండి. ఫైబర్‌గ్లాస్ ఒకేచోట పదేపదే మడిస్తే ఆ గీత వెంట విరుగుతుంది.